అమ్మానాన్నలకు మెడికేర్‌లో వీల్‌చైర్, సీపాప్, ఆక్సిజన్: మోసపోకుండా, తిరస్కరణ రాకుండా తెచ్చుకోవడం ఎలా?

అమెరికాలో తల్లిదండ్రులతో ఉంటున్న తెలుగువాళ్లు మెడికేర్ గురించి, అంటే వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా గురించి, నన్ను తరచూ రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఒకటి: "అమ్మకి ఎవరో ఫోన్ చేసి మోకాలికి బ్రేస్ (ఊతకట్టు) ఉచితంగా పంపిస్తామన్నారు, తీసుకోవచ్చా?" రెండోది: "నాన్నకి డాక్టర్ వీల్‌చైర్ రాశారు, అయినా మెడికేర్ ఇవ్వనంది, ఎందుకు?"

ఈ రెండూ వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి కానీ ఒకదాని వల్లే రెండోది వచ్చింది. వైద్య పరికరాల పేరుతో మెడికేర్‌ని దోచుకోవడం పాతికేళ్లుగా సాగుతోంది. టెక్సస్‌లో హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో 2001లో మోటారు వీల్‌చైర్లు తీసుకున్నవాళ్లు మూడు వేల పైచిలుకు. మరుసటి ఏడాదికి ఆ సంఖ్య 31 వేలు దాటింది. ఒక్క ఏడాదిలో అంతమందికి కాళ్లు పడిపోలేదు కదా! 2019 ఏప్రిల్‌లో బ్రేసుల మోసం బయటపడింది. 24 మందిపై కేసులు పెట్టారు, నష్టం 120 కోట్ల డాలర్ల పైనే అన్నారు. 2025 జూన్‌లో ఆపరేషన్ గోల్డ్ రష్ అనే కేసు వెలుగులోకి వచ్చింది. పది లక్షలకు పైగా అమెరికన్ల వివరాలు దొంగిలించి, మూత్రం గొట్టాలు వగైరా పరికరాల పేరుతో 1,060 కోట్ల డాలర్లకు బిల్లులు పెట్టారు.

అందుకే ప్రభుత్వం తాళం మీద తాళం వేస్తూ వచ్చింది. డాక్టర్ స్వయంగా చూడాలి, ఆర్డర్ ఇలాగే ఉండాలి, కొన్నిటికి ముందస్తు అనుమతి కావాలి. ఈ తాళాలు దొంగల కోసం వేసినవే అయినా, వాటి ముందు నిలబడి ఇబ్బంది పడేది నిజంగా నడవలేని మన అమ్మానాన్నలు కూడా. తాళాలన్నిటికీ దాదాపు ఒకటే తాళంచెవి ఉంది: డాక్టర్ రాసుకునే నోట్. అందులో మీ అమ్మగారి అవస్థ ఉన్నదున్నట్టు రాసి ఉంటే పని సాఫీగా జరుగుతుంది. లేకపోతే ఎంత కష్టంలో ఉన్నా జరగదు. కింద చెప్పేదంతా ఎక్కువగా ఆ నోట్ చుట్టూనే తిరుగుతుంది.

ఇది ఎవరికి వర్తిస్తుంది?

65 ఏళ్లు దాటి మెడికేర్ పార్ట్ బి (డాక్టర్ ఫీజులు, ఇలాంటి పరికరాల ఖర్చు చూసే భాగం) ఉన్నవాళ్లకి. గ్రీన్‌కార్డ్ మీద వచ్చిన తల్లిదండ్రులైతే అమెరికాలో వరసగా ఐదేళ్లు నివాసం ఉన్న తర్వాత నెలనెలా ప్రీమియం కట్టి చేరవచ్చు. మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ (ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా తీసుకునే మెడికేర్) ఉంటే కూడా ఇదే దారి, కానీ అనుమతి ఇచ్చేది ప్రైవేటు ప్లాన్. దాని గురించి చివర్లో చెబుతాను.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ రాదు. వాళ్లకోసం కూడా చివర్లో ఒక దారి రాశాను. దయచేసి "పక్కింటి అంకుల్ కార్డు మీద తెప్పిద్దాం" అని మాత్రం అనుకోకండి. ఇంకొకరి కార్డు వాడటం, వాడనివ్వడం రెండూ మోసమే. గ్రీన్‌కార్డ్, పౌరసత్వం మీద కూడా దాని నీడ పడుతుంది.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మెడికేర్ కార్డు. దాని మీద 11 అక్షరాలు, అంకెల నంబరు ఉంటుంది. దాన్ని బ్యాంకు కార్డు నంబరంత జాగ్రత్తగా చూడండి.
- ఒక నోటుబుక్కు. ఏ రోజు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లారు, ఏ సప్లయర్‌తో (పరికరాలు ఇచ్చే కంపెనీతో) మాట్లాడారు, ఏ వస్తువు ఎప్పుడు వచ్చింది అన్నీ ఇందులోనే రాయండి. ఫోన్‌లో కాకుండా పుస్తకంలో రాస్తే అమ్మానాన్నలు కూడా చూసుకోగలరు.
- మెడికేర్ డాట్ గవ్‌లో అమ్మ పేరుతో ఒకటి, నాన్న పేరుతో ఒకటి అకౌంట్.
- మీరు వాళ్ల తరఫున మాట్లాడేందుకు అనుమతి పత్రం. మెడికేర్‌కి అయితే సీఎంఎస్ 10106 అనే ఫారం. డాక్టర్ ఆఫీసులో విడిగా ఇంకో ఫారం ఇస్తారు. ఇవి లేకపోతే మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మ పక్కనే ఉండి "అవును, మా అబ్బాయితో మాట్లాడండి" అని చెప్పాలి. మీరు ఆఫీసులో, అమ్మ ఇంట్లో ఉంటే పని కాదు.
- వారం రోజుల ఇంటి డైరీ. దీని సంగతి రెండో మెట్టులో చెబుతాను, అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

1. అసలు ఆ వస్తువుకి మెడికేర్ డబ్బు ఇస్తుందా చూడండి

మెడికేర్ లెక్కలో వైద్య పరికరం అంటే మళ్లీమళ్లీ వాడగలిగేది, వైద్య అవసరానికి వాడేది, జబ్బు లేనివాళ్లకి మామూలుగా పనికిరానిది, ఇంట్లో వాడుకునేది, కనీసం మూడేళ్లు మన్నేది. వాకర్, వీల్‌చైర్, హాస్పిటల్ బెడ్, ఆక్సిజన్, సీపాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్ ద్వారా గాలి పంపే యంత్రం), షుగర్ చూసుకునే మీటర్ ఇందులోకి వస్తాయి. ఇన్సులిన్ వాడేవాళ్లందరికీ 2023 ఏప్రిల్ నుంచి ఒంటికి అంటించుకునే షుగర్ సెన్సర్లు కూడా వస్తున్నాయి.

బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, స్నానానికి కూర్చునే కుర్చీ రావు. మన పెద్దవాళ్లు జారిపడేది ఎక్కువగా అక్కడే కాబట్టి ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని నిబంధన. ఏమైనా అవి ఖరీదైనవి కావు. ఎదురుచూడకుండా ఈ వారమే కొనేయండి. లేవడానికి సాయపడే కుర్చీ విషయంలో లోపలి లిఫ్ట్ యంత్రానికి డబ్బు ఇస్తారు కానీ కుర్చీకి ఇవ్వరు.

ఖర్చు ఇలా ఉంటుంది. ఏడాదికి పార్ట్ బి డిడక్టబుల్ (మెడికేర్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మీరే కట్టాల్సిన మొత్తం) 2025లో 257 డాలర్లు, 2026లో 283. అది కట్టేశాక, మెడికేర్ ఒప్పుకున్న ధరలో 80 శాతం వాళ్లది, 20 శాతం మీది. వెయ్యి డాలర్ల వస్తువైతే మీరు 200 కట్టాలి.

2. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు రాసుకోండి

మా అమ్మ సంగతి చెబుతాను. ఇంట్లో బెడ్‌రూమ్ నుంచి బాత్రూమ్‌కి గోడ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి వెళ్లేది. డాక్టర్ గదిలో మాత్రం "హౌ ఆర్ యూ?" అనగానే నవ్వుతూ "గుడ్, గుడ్" అంది. బయటికొచ్చాక అడిగితే "పెద్ద డాక్టరు ముందు ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటామా" అంది. ఆ రోజు నోట్‌లో ఏముందో తర్వాత చూశాను: పేషెంట్ బాగున్నారు, స్వయంగా నడుస్తున్నారు. అలా రాసుంటే వీల్‌చైర్ ఎవరిస్తారు? తప్పు డాక్టర్‌ది కాదు, ఆయన విన్నదే రాశారు.

మన పెద్దవాళ్లలో చాలామంది ఇంతే. నొప్పి దాచుకోవడం మర్యాద అనుకుంటారు. అందుకే ముందు వారం రోజులు మీరు చూసింది చూసినట్టు రాయండి:

- ఎన్ని అడుగులు నడిచాక ఆగుతున్నారు? ఆయాసమా, నొప్పా, తూలడమా?
- ఎన్నిసార్లు పడ్డారు, ఎక్కడ? పడబోయి ఎవరైనా పట్టుకున్నది కూడా రాయండి.
- బాత్రూమ్‌కి వెళ్లడం, స్నానం, బట్టలు మార్చుకోవడం, భోజనం దగ్గరికి రావడం: ఇందులో ఏది సాయం లేకుండా చేయలేకపోతున్నారు?
- చేతికర్ర, వాకర్ ఇప్పటికే వాడి చూశారా? ఎందుకు సరిపోలేదు?

ఈ చివరి ప్రశ్న చాలా అవసరం. మెడికేర్ మెట్లు మెట్లుగా చూస్తుంది. చేతికర్రతో సరిపోతే వాకర్ ఇవ్వదు. వాకర్‌తో సరిపోతే చక్రాల కుర్చీ ఇవ్వదు. మామూలు వీల్‌చైర్‌ని సొంతంగా తోసుకోగలిగితే మోటారుది ఇవ్వదు. కాబట్టి మోటారు వీల్‌చైర్ కావాలంటే కింది మెట్లు ఎందుకు పనికిరాలేదో నోట్‌లో ఉండాలి. "భుజం నొప్పి వల్ల చక్రాలు తోసుకోలేరు" లాంటి ఒక్క వాక్యం లేక ఆగిపోయే కేసులు ఉంటాయి.

ఇంకో హెచ్చరిక: మెడికేర్ చూసేది ఇంటి లోపలి అవసరం. "గుడికి తీసుకెళ్లాలి, మాల్‌లో నడవలేదు" అని మాత్రమే చెబితే ఇవ్వరు. అవి నిజమైన అవసరాలే, నాకూ తెలుసు. కానీ ముందు ఇంట్లో పడుతున్న ఇబ్బంది చెప్పండి.

దీన్ని ఉన్నదానికి ఒక ముక్క ఎక్కువ కలిపి చెప్పమని అర్థం చేసుకోవద్దు. రెండుసార్లు పడితే రెండుసార్లే రాయండి. ఫిజికల్ థెరపిస్ట్ ఎలాగూ నడిపించి చూస్తారు. అక్కడ మాట తేడా వస్తే నిజం చెప్పిన మిగతా పది విషయాలనూ నమ్మరు.

3. డాక్టర్‌కి ఎదురుగా చూపించండి, తెలుగు దుబాసీని అడగండి

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "ఇది నడక గురించి మాట్లాడటానికి" అని చెప్పండి. బీపీ, షుగర్ చెకప్‌లో చివరి రెండు నిమిషాలు ఈ మాటకి సరిపోవు. మోటారు వీల్‌చైర్ అయితే ఆర్డర్ రాయడానికి ముందు ఆరు నెలల్లోపు డాక్టర్ ఎదురుగా చూసి ఉండాలని నిబంధన.

అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాకపోతే తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్‌లు ఉచితంగా ఏర్పాటు చేయాలి. చాలావరకు ఫోన్ మీదో వీడియోలోనో ఉంటారు. మీరే అనువాదం చేస్తే అమ్మ సిగ్గుపడి కొన్ని విషయాలు చెప్పకపోవచ్చు. మూత్రం ఆపుకోలేక మంచం దగ్గరే అయిపోతోందని కొడుకు నోటితో చెప్పించాలని ఏ తల్లి అనుకుంటుంది?

డైరీ కాపీ ఒకటి డాక్టర్‌కి ఇచ్చి "దీన్ని ఫైల్‌లో పెట్టండి" అనండి. అయితే మీరు రాసిన కాగితం ఒక్కటే చాలదు. అందులోని విషయాలు డాక్టర్ తన మాటల్లో నోట్‌లో రాయాలి. ఫిజికల్ థెరపిస్ట్ దగ్గరికి పంపమని కూడా అడగండి. కండరాల బలం, బ్యాలెన్స్ కొలిచి రాసిన రిపోర్ట్ ఉంటే కేసు గట్టిపడుతుంది.

*ఎలా సరిచూసుకోవాలి:* రెండు మూడు రోజుల తర్వాత పేషెంట్ పోర్టల్‌లో (డాక్టర్ ఆఫీసు వెబ్‌సైట్‌లో మీ రికార్డులు ఉండే చోట) ఆ నోట్ తెరిచి చదవండి. ఇంట్లో అవస్థ, వాడిచూసిన కర్ర లేదా వాకర్, పడిన సంఖ్య ఉన్నాయా? ఏదైనా తప్పిపోతే డాక్టర్‌కి మెసేజ్ పెట్టి అడగండి, లేదా మళ్లీ ఒక అపాయింట్‌మెంట్ తీసుకోండి. పాత తేదీ వేసి రాయమని మాత్రం అడగకండి. అది డాక్టర్‌కీ మీకూ ప్రమాదం.

4. ఆర్డర్ కాగితం చూడండి

డాక్టర్ రాసే ఆర్డర్‌లో పేషెంట్ పేరు లేదా మెడికేర్ నంబరు, తేదీ, వస్తువు ఏమిటి, ఎన్ని, డాక్టర్ పేరు లేదా ఆయన గుర్తింపు నంబరు (ఎన్‌పీఐ), సంతకం ఉండాలి. చిన్న విషయంలా ఉంటుంది కానీ సంతకం మరిచిపోయిన ఆర్డర్ వల్ల వారాలు పోతాయి. మోటారు వీల్‌చైర్ లాంటివాటికి ఈ ఆర్డర్ సప్లయర్ చేతికి అందిన తర్వాతే వస్తువు ఇంటికి రావాలి. ముందు తెచ్చి పెట్టేసి "కాగితాలు తర్వాత చూసుకుందాం" అనే సప్లయర్‌ని నమ్మకండి.

5. సప్లయర్‌ని మీరే వెతకండి

మెడికేర్ డాట్ గవ్‌లో పిన్‌కోడ్ కొడితే దగ్గరలోని సప్లయర్ల జాబితా వస్తుంది. ఫోన్ చేసి ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మెడికేర్ అసైన్‌మెంట్ ఒప్పుకుంటారా?" అంటే మెడికేర్ ఒప్పుకున్న ధరకే ఇస్తారా అని. ఒప్పుకుంటే మీ వాటా 20 శాతం, డిడక్టబుల్ అంతే. ఒప్పుకోకపోతే వాళ్లు ఎంతైనా అడగవచ్చు. డాక్టర్ల ఫీజుకి ఉన్న 15 శాతం పరిమితి పరికరాలకి లేదు. ఈ ప్రశ్న అడగక వందల డాలర్లు నష్టపోయేవాళ్లు ఉన్నారు.

అద్దెకా, కొనుక్కోవడమా అన్నది కూడా అడగండి. వీల్‌చైర్, హాస్పిటల్ బెడ్ లాంటివి సాధారణంగా 13 నెలలు అద్దె కట్టాక మీ సొంతమవుతాయి. ఆక్సిజన్ యంత్రానికి 36 నెలలు అద్దె, ఆ తర్వాత ఇంకో 24 నెలలు అద్దె లేకుండా అదే సప్లయర్ చూసుకోవాలి. ఈ నెలల లెక్క నోటుబుక్కులో రాసుకోండి.

మోటారు వీల్‌చైర్ అయితే సప్లయర్ ఇంటికొచ్చి తలుపుల వెడల్పు, తిప్పుకోవడానికి చోటు చూడాలి. అపార్ట్‌మెంట్‌లో బాత్రూమ్ తలుపు ఇరుకైతే ముందే తెలుస్తుంది.

కొన్నిటికి సప్లయర్ మెడికేర్ నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. కాగితం చాలలేదని తిరిగి వస్తే అది చివరి తీర్పు కాదు. కావాల్సినది జతచేసి మళ్లీ పంపవచ్చు, ఎన్నిసార్లైనా. "అనుమతి రాలేదు, అయిపోయింది" అని సప్లయర్ అంటే, ఏ కాగితం తక్కువైందో ఆ లేఖ కాపీ ఇవ్వమనండి.

6. తానంతట తాను వచ్చిన ఫోన్‌కి ఇలా జవాబివ్వండి

మీరు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి ఉండకపోతే, వాళ్ల దగ్గర అంతకుముందు ఏమీ తీసుకోకపోతే, సప్లయర్ మీకు ఫోన్ చేసి అమ్మకూడదు. అది చట్టం. మెడికేర్ కూడా ఫోన్ చేసి "మీ కార్డు నంబరు చెప్పండి" అనదు. కాబట్టి అమ్మానాన్నలకు ఒక్క వాక్యం నేర్పించండి, తెలుగు అక్షరాల్లో రాసి ఫోన్ పక్కన అతికించండి: "ఐ విల్ ఆస్క్ మై డాక్టర్. బై." అని పెట్టేయాలి. మర్యాద కోసం ఇంకో నిమిషం మాట్లాడక్కర్లేదు.

ఈ మాటలు వింటే అనుమానించండి:

- "పూర్తిగా ఉచితం, మీ 20 శాతం కూడా మాఫీ." అలా అందరికీ మాఫీ చేయడం చట్టవిరుద్ధం.
- "మా డాక్టర్ ఫోన్‌లోనే రాసేస్తారు." 2019 బ్రేసుల కేసులో జరిగింది ఇదే. ఎప్పుడూ చూడని రోగులకి డాక్టర్లు డబ్బు తీసుకుని ఆర్డర్లు రాశారు.
- "వీపుకి, రెండు మోకాళ్లకి, మణికట్టుకి కలిపి ఒక సెట్."
- హెల్త్ ఫెయిర్‌లో ఏదో చిన్న బహుమతి ఇచ్చి కార్డు ఫొటో తీసుకుంటామనడం.

"మనకేం పోయింది, ప్రభుత్వం డబ్బే కదా" అనే మాట మన ఇళ్లలో కూడా వింటున్నాను. పోయేది మీ అమ్మ హక్కే. ఇవాళ ఆమె పేరు మీద పనికిరాని మోకాలి బ్రేస్ బిల్లు పడితే, రేపు నిజంగా ఆర్థోపెడిక్ డాక్టర్ బ్రేస్ రాసినప్పుడు "ఇలాంటిది ఇప్పటికే ఇచ్చాం" అని తిరస్కరిస్తారు. ఒక్కో పరికరానికి ఇంత కాలం మన్నాలి అని లెక్క ఉంటుంది, చాలావాటికి అది ఐదేళ్లు.

అడగని పార్సెల్ ఇంటికొస్తే తీసుకోకండి. గుమ్మంలో పడేసి వెళ్లిపోతే తెరవకుండా తిప్పి పంపండి. పంపినవాళ్ల పేరు, తేదీ రాసుకుని ఫొటో తీసి పెట్టండి.

7. వస్తువు వచ్చిన రోజు

డబ్బా విప్పి, పనిచేస్తోందో లేదో చూసి, వాడటం నేర్పించాకే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కాపీ అడిగి తీసుకోండి.

"మెడికేర్ దీనికి డబ్బు ఇవ్వకపోవచ్చు" అంటూ ఒక నోటీసు ఇచ్చి సంతకం అడిగితే కంగారుపడకండి, చదవండి. అందులో మూడు గడులుంటాయి. వస్తువు కావాలి, మెడికేర్‌కి కూడా బిల్లు పంపండి అనే మొదటి గడిని ఎంచుకుంటేనే తర్వాత అప్పీలు చేసుకునే హక్కు మిగులుతుంది. బిల్లు పంపవద్దు అనే రెండో గడి టిక్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

8. సీపాప్, ఆక్సిజన్ ఉంటే ఇవి కూడా

సీపాప్ మొదట 12 వారాల ప్రయోగంగా ఇస్తారు. మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరస 30 రోజుల్లో కనీసం 21 రాత్రులు, రాత్రికి నాలుగు గంటలు తక్కువ కాకుండా పెట్టుకోవాలి. యంత్రమే ఆ లెక్క పంపిస్తుంది. 31వ రోజు నుంచి 91వ రోజు మధ్య మళ్లీ డాక్టర్‌ని కలవాలి. ఈ రెండూ జరగకపోతే మెడికేర్ డబ్బు ఆపేస్తుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే డాక్టర్ చూడాలి, ల్యాబ్‌లో పడుకుని నిద్ర పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇండియా ప్రయాణాలతో. నవంబర్‌లో సీపాప్ మొదలుపెట్టి, డిసెంబర్‌లో పెళ్లికి విజయవాడ వెళ్లి ఫిబ్రవరిలో తిరిగొస్తే 91 రోజులు దాటిపోవచ్చు. ప్రయాణం ఖాయమైతే తిరిగొచ్చాకే మొదలుపెట్టే వీలుందా అని డాక్టర్‌ని అడగండి. ఆపలేనంత అవసరమైతే యంత్రం వెంట తీసుకెళ్లి, 31వ రోజు దాటగానే వెళ్లేముందే డాక్టర్‌ని కలవండి.

మాస్క్ గుచ్చుకుంటోందని అమ్మ పక్కన పెట్టేస్తే వెంటనే సప్లయర్‌కి చెప్పి వేరే సైజు మార్పించండి. మొదటి వారంలో మాస్క్ కుదరకపోతే మూడో నెల దాకా కుదరదు, యంత్రం బీరువాలో పడి ఉంటుంది.

ఆక్సిజన్‌కి సాధారణంగా కదలకుండా కూర్చున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ 88 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్నట్టు పరీక్షలో తేలాలి. ఇంట్లో వేలికి పెట్టుకునే యంత్రం చూపించిన అంకె లెక్కలోకి రాదు, కానీ డాక్టర్‌కి చెప్పడానికి పనికొస్తుంది. నడిచినప్పుడో నిద్రలోనో మాత్రమే పడిపోతుంటే ఆ పరీక్ష విడిగా చేయమనండి.

మెడికేర్ సాధారణంగా అమెరికా బయట పనిచేయదు. అద్దె వస్తువు ఇండియా తీసుకెళ్లాలనుకుంటే సప్లయర్‌ని అడగకుండా తీసుకెళ్లకండి.

9. బిల్లులు సరిచూడండి

మెడికేర్ సమ్మరీ నోటీస్ అని పోస్టులో వస్తుంది. "ఇది బిల్లు కాదు" అని పైన రాసి ఉండటంతో చాలామంది చెత్తబుట్టలో పడేస్తారు. పడేయకండి. ఆన్‌లైన్ అకౌంట్‌లో అయితే నెలకోసారి చూడండి, పది నిమిషాల పని. నోటుబుక్కు పక్కన పెట్టుకుని నాలుగు విషయాలు పోల్చండి: తేదీ, సప్లయర్ పేరు, వస్తువు, ఆర్డర్ రాసిన డాక్టర్. మీకు తెలియని డాక్టర్ పేరు కనిపిస్తే అది పెద్ద గుర్తు. తిరిగి ఇచ్చేసిన బెడ్‌కి ఇంకా అద్దె పడుతోందా, 13 నెలలు దాటాక కూడా బిల్లు వస్తోందా అనీ చూడండి.

తేడా కనిపిస్తే, మీకు తెలిసిన సప్లయర్ అయితే ముందు వాళ్లనే అడగండి. పొరపాట్లు కూడా జరుగుతాయి. ఎప్పుడూ వినని కంపెనీ అయితే వాళ్లకి ఫోన్ చేయకండి. నేరుగా మెడికేర్‌కి 1-800-633-4227 నంబరులో, లేదా మోసాల విషయంలో వృద్ధులకు ఉచితంగా సాయపడే సీనియర్ మెడికేర్ పెట్రోల్‌కి 1-877-808-2468లో చెప్పండి. మెడికేర్ లైన్‌లో "తెలుగు" అంటే దుబాసీని కలుపుతారు. కార్డు నంబరు దొంగల చేతిలో పడిందని తేలితే కొత్త నంబరు ఇవ్వమని అడగవచ్చు. మార్చాక ఆ కొత్త నంబరు డాక్టర్‌కి, అసలు సప్లయర్‌కి చెప్పడం మరిచిపోతే మంచి క్లెయిములు కూడా ఆగుతాయి.

తిరస్కరణ వస్తే

ముందు కారణం చదవండి. "వైద్య అవసరం నిరూపణ కాలేదు" అంటే అమ్మకి అవసరం లేదని కాదు, నోట్‌లో కనపడలేదని. మూడో మెట్టుకి తిరిగి వెళ్లండి. "ఇలాంటిది ఇప్పటికే ఇచ్చాం" అంటే ఆన్‌లైన్‌లో పాత క్లెయిములు వెతకండి. మీకు అందని వస్తువు అక్కడ ఉంటే ముందు మోసం ఫిర్యాదు ఇచ్చి, ఆ వివరం అప్పీలులో జతచేయండి.

మామూలు మెడికేర్‌లో మొదటి అప్పీలుకి నోటీసు అందినప్పటి నుంచి 120 రోజుల గడువు. దాదాపు 60 రోజుల్లో జవాబు వస్తుంది. సమ్మరీ నోటీస్‌లోనే ఆ అంశం చుట్టూ గీత గీసి, ఎందుకు ఒప్పుకోవడం లేదో రాసి, నోట్ కాపీ, థెరపిస్ట్ రిపోర్ట్ జతచేసి పంపవచ్చు. లాయర్ అక్కర్లేదు. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కేంద్రం ఉంది, వాళ్లు కూర్చోబెట్టి రాయిస్తారు.

అడ్వాంటేజ్ ప్లాన్ అయితే సాధారణంగా సప్లయర్ వాళ్ల నెట్‌వర్క్‌లోనే (ప్లాన్‌తో ఒప్పందం ఉన్నవాళ్లలోనే) ఉండాలి, గడువు, చిరునామా తిరస్కరణ లేఖలో ఉంటాయి. ఇక్కడ ఒక విషయం తెలుసుకోండి. ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఈ ప్లాన్లు ముందస్తు అనుమతి నిరాకరించిన వాటిలో 13 శాతం మెడికేర్ నిబంధనలకు సరిపోయినవే. అదే ఆఫీసు 2018లో చెప్పింది ఇంకా ఘోరం: 2014 నుంచి 2016 మధ్య తిరస్కరణల్లో అప్పీలుకి వెళ్లినవి ఒక్క శాతమే, వెళ్లినవాటిలో 75 శాతం ప్లాన్లే వెనక్కి తీసుకున్నాయి. అంటే అడిగినవాళ్లలో ఎక్కువమందికి వచ్చింది, మిగతావాళ్లు అడగనే లేదు. మీరు అడగండి. ఆలస్యమైతే ఆరోగ్యం దెబ్బతింటుందని డాక్టర్ రాస్తే అత్యవసర అప్పీలు కూడా ఉంటుంది.

మెడికేర్ లేని అమ్మానాన్నలకు

విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి, లేదా అనుమతి వచ్చేలోపు అవసరమైనవాళ్లకి, చాలా ఊళ్లలో పరికరాలు అరువిచ్చే కేంద్రాలుంటాయి. "మెడికల్ ఎక్విప్‌మెంట్ లోన్ క్లోజెట్" అని మీ ఊరి పేరుతో వెతకండి. సీనియర్ సెంటర్లు, చర్చిలు, లయన్స్ క్లబ్‌ల లాంటివి నడుపుతాయి. వాకర్, వీల్‌చైర్, స్నానం కుర్చీ ఉచితంగానో కొద్ది డిపాజిట్‌తోనో ఇస్తారు, పని అయ్యాక తిరిగివ్వాలి. ఆక్సిజన్, సీపాప్ మాత్రం ఇలా అరువు తెచ్చి డాక్టర్ చెప్పకుండా వాడకండి.

ఇండియా నుంచి వచ్చేటప్పుడే మడతపెట్టే వీల్‌చైర్ తెచ్చుకోవచ్చు. అమెరికా వచ్చే విమానాల్లో నడకకి వాడే పరికరాలు బ్యాగేజీ లెక్కలోకి రావు. టికెట్ కొన్న రోజే ఎయిర్‌లైన్‌కి చెప్పి రాయించుకోండి, ఎక్కేముందు కుర్చీ నాలుగువైపులా ఫొటోలు తీయండి. దిగాక ఏదైనా విరిగితే ఎయిర్‌పోర్ట్ దాటకముందే కౌంటర్‌లో ఫిర్యాదు రాసి ఇవ్వండి.